హైదరాబాద్‌లో పిల్లలకూ కుటుంబాలకూ అండగా ఉండే సేవలు: ఒక ఉపాధ్యాయురాలి సమీక్ష

కష్టాల్లో ఉన్న పిల్లల కోసం ఈ నగరంలో ఏమీ లేదని అనేవారితో నేను ఏకీభవించను. ఫోన్ నంబర్లు ఉన్నాయి, చట్టాలు ఉన్నాయి, కార్యాలయాలూ ఆసుపత్రులూ స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తూ, బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లడం, అవసరమైనప్పుడు వాళ్ల తల్లిదండ్రుల వెంట ఈ కార్యాలయాలకు వెళ్లడం అలవాటైన మనిషిగా ఈ సేవలను నేను ఒకే ప్రశ్నతో తూచదలచుకున్నాను. రోజు కూలి పోగొట్టుకుని, తెలుగో ఉర్దూనో తప్ప మరో భాష రాని తల్లి పిల్లవాణ్ణి తీసుకుని వస్తే, మొదటి గుమ్మం నుంచి రెండో గుమ్మానికి ఆమెను ఎవరు నడిపిస్తున్నారు? మొదటి గుమ్మం దగ్గర పలకరింపు చాలాచోట్ల బాగానే ఉంది. ఆ తర్వాత దారి చూపే మనిషి ఉన్నచోట సేవ పనిచేస్తోంది, లేనిచోట కాగితం మీదే మిగులుతోంది. ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే ఒక్కో సేవనూ విడిగా చూడాలి.

అందరికీ తెలిసినది పిల్లల సహాయ నంబరు 1098. 1996లో ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో ఒక క్షేత్ర ప్రాజెక్టుగా మొదలైన చైల్డ్‌లైన్ క్రమంగా దేశమంతటికీ విస్తరించింది. చాలా ఏళ్లపాటు కాల్ రాగానే ఆ ప్రాంతంలోని భాగస్వామ్య స్వచ్ఛంద సంస్థ కార్యకర్త బయలుదేరేవారు. 2023లో కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద ఆ బాధ్యత ప్రభుత్వ శాఖల చేతికి వెళ్లింది. అత్యవసర పిలుపులను పోలీసు సాయం అందే 112 నంబరుతో అనుసంధానించారు, క్షేత్రస్థాయి పనిని జిల్లా యంత్రాంగానికి అప్పగించారు. ఈ మార్పు వల్ల కలిగిన మేలును తక్కువ చేయలేము. బాల్యవివాహం రేపు ఉదయం జరగబోతోందని తెలిసినప్పుడు, పిల్లను ఇంట్లో బంధించి కొడుతున్నారని పొరుగువారు చెప్పినప్పుడు పోలీసు బలం వెంట ఉండటం అవసరం. అయితే ఇంటి నుంచి పారిపోయి సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూర్చున్న పన్నెండేళ్ల కుర్రవాడికి ఖాకీ దుస్తులను చూడగానే నోరు పెగలదు. అలాంటి పిల్లల దగ్గర గంటల తరబడి కూర్చుని, టీ తాగించి, ఊరి పేరు రాబట్టడం స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్లతరబడి నేర్చుకున్న విద్య. కొత్త ఏర్పాటులో ఆ విద్యకు చోటు తగ్గిందన్నది నా అభిప్రాయం. అయినా ఈ నంబరును నేను సిఫారసు చేస్తాను. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, పిల్లలే నేరుగా చేయవచ్చు, చేసినవారు తమ పేరు చెప్పాల్సిన పని లేదు. బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాల్సిన నంబరు ఇది.

1098 తర్వాత చాలా కుటుంబాలు చేరేది సీడబ్ల్యూసీ అని అందరూ పిలిచే బాలల సంక్షేమ సమితి ముందుకు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం దీనికి ఒక అధ్యక్షుణ్ణి లేదా అధ్యక్షురాలిని, నలుగురు సభ్యులను ఇచ్చింది. సభ్యుల్లో కనీసం ఒక మహిళ ఉండాలి. దీనికి మేజిస్ట్రేటు ధర్మాసనానికి ఉండే అధికారాలున్నాయి. రక్షణ అవసరమైన బిడ్డను, ప్రయాణ సమయం మినహాయించి, ఇరవై నాలుగు గంటల్లోగా సమితి ముందు హాజరుపరచాలి. బిడ్డ కుటుంబ పరిస్థితులపై సామాజిక విచారణ పదిహేను రోజుల్లో పూర్తి కావాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లోగా రావాలి. సమితి నెలకు కనీసం ఇరవై రోజులు సమావేశం కావాలి. ఈ గడువులన్నీ చట్టంలోనే రాసి ఉన్నాయి కాబట్టి కుటుంబాలు వాటిని గుర్తుచేయడంలో తప్పు లేదు. పోలీసులే కాదు, ఏ పౌరుడైనా, ఆఖరికి ఆ బిడ్డ తానే అయినా సమితి ముందు నిలబడవచ్చు.

సమితి ముందుకు వెళ్లడానికి తల్లిదండ్రులు జంకడానికి కారణం ఒక్కటే: పిల్లను లాక్కుంటారేమోనన్న భయం. నిజానికి బిడ్డను కుటుంబంతోనే ఉంచే ప్రయత్నం ముందు జరగాలని, హోమ్‌కు పంపడం ఆఖరి మార్గమని ఆ చట్టమే చెబుతోంది. ఈ మాటను మొదటి అయిదు నిమిషాల్లో తల్లికి అర్థమయ్యే భాషలో చెప్పే సభ్యులున్నచోట విచారణ నెమ్మదిగా సాగినా సజావుగా ముగుస్తుంది. నేను వెళ్లిన ఒక జిల్లా కార్యాలయంలో ఆ మాట చెప్పేవారే లేకపోయారు. తల్లిని వరండాలో కూర్చోబెట్టి, ఆధార్, రేషన్ కార్డు, బడి ధ్రువపత్రం, నివాస ధ్రువీకరణ ఒక్కొక్కటిగా అడిగారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత అక్కడ కూర్చున్నవారికి గుర్తురాక మానదు. పాలమూరు నుంచో ఒడిశా నుంచో కట్టడాల పనికి వచ్చి, పని ముగిసిన చోటల్లా గుడిసె మార్చుకునే కుటుంబం దగ్గర స్థిరమైన చిరునామా ఎక్కడినుంచి వస్తుంది?

దీనికి తోడు హైదరాబాద్‌లో ఉన్న చిక్కు మరొకటి ఉంది. మనం ఒకే నగరం అనుకునే ఈ ప్రాంతం పాలనాపరంగా నాలుగు జిల్లాల్లో పరచుకుని ఉంది. అమీర్‌పేట హైదరాబాద్ జిల్లాలో ఉంటే, కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. ఒక్కో జిల్లాకు వేరే సమితి, వేరే బాలల పరిరక్షణ విభాగం. పోలీసు కమిషనరేట్ల సరిహద్దులు మళ్లీ వేరు. మెట్రోలో పావుగంట దూరం ప్రయాణించే కుటుంబానికి తాను జిల్లా దాటానన్న స్పృహ ఉండదు. బిడ్డకు వెంటనే రక్షణ కావాల్సినప్పుడు దగ్గరలో ఉన్న సమితి ముందుకు వెళ్లి, ఆ తర్వాత ఫైలు బదిలీ గురించి ఆలోచించడమే సరైన పద్ధతి. ఈ ఒక్క విషయం బస్తీల్లోని అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు నేర్పితే సగం తిరుగుడు తప్పుతుంది.

ఈ సేవలన్నిటిలో నేను నిస్సంకోచంగా మెచ్చుకునేది భరోసా కేంద్రాన్ని. 2016లో హైదరాబాద్ పోలీసుల ఆధ్వర్యంలో, శాసనసభకు ఎదురుగా ఉన్న హాకా భవన్‌లో ఇది మొదలైంది. లైంగిక హింసకు గురైన పిల్లలకూ స్త్రీలకూ కౌన్సెలింగ్, వైద్య సహాయం, వాంగ్మూలం నమోదు, న్యాయ సలహా ఒకే కప్పు కింద అందించాలన్నది దీని వెనకున్న ఆలోచన. పిల్లలకు బెదురు పుట్టించని ప్రత్యేక న్యాయస్థానం కూడా 2018లో అక్కడే వెలసింది. గతంలో ఒక బాలిక తనకు జరిగినదాన్ని స్టేషన్‌లో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, మేజిస్ట్రేటు ముందు ఒకసారి, కోర్టులో ఇంకొకసారి చెప్పాల్సి వచ్చేది. ప్రతిసారీ కొత్త మొహం, కొత్త గది, కొత్త ప్రశ్నలు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012లోనే ఈ క్రూరత్వాన్ని తగ్గించే నిబంధనలు చేసింది. వాంగ్మూలాన్ని బిడ్డ ఇంటి దగ్గరో, బిడ్డ కోరుకున్న చోటో నమోదు చేయాలి. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి ఆ పని చేయాలి. ఆ సమయంలో యూనిఫారంలో ఉండకూడదు. ఏ కారణం చేతనైనా రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. ప్రత్యేక న్యాయస్థానం కేసును విచారణకు స్వీకరించిన ముప్పై రోజుల్లోగా బిడ్డ సాక్ష్యాన్ని నమోదు చేయాలి, విచారణను వీలైనంతవరకు ఏడాదిలో ముగించాలి. ఈ నిబంధనలకు భరోసా ఒక గదిని, ఒక కుర్చీని, ఒక పేరున్న మనిషిని ఇచ్చింది.

ఆ మనిషే అసలు విషయం. 2020 నాటి పోక్సో నియమావళి ప్రకారం సమితి బిడ్డకు ఒక సహాయక వ్యక్తిని నియమించవచ్చు. దర్యాప్తు మొదలు తీర్పు దాకా ఆ వ్యక్తి కుటుంబం వెంట ఉండి, కోర్టు తేదీ గుర్తుచేయడం, కేసు ఎక్కడిదాకా వచ్చిందో వివరించడం, పరిహారానికి దరఖాస్తు చేయించడం, బిడ్డ మళ్లీ బడికి వెళ్లేలా చూడడం వంటివన్నీ చేయాలి. నేను చూసిన కుటుంబాల్లో, ఇలాంటి ఒక్క మనిషి దొరికినవారు కేసు చివరిదాకా నిలబడగలిగారు. దొరకనివారు రెండో వాయిదాకే రాజీ ఒత్తిళ్లకు లొంగిపోయారు. నిందితుడు చాలా కేసుల్లో బంధువో, ఇంటి యజమానో అవుతాడు కాబట్టి ఆ ఒత్తిడి బయటివారు ఊహించుకునేదానికన్నా దారుణంగా ఉంటుంది. ఉపాధ్యాయులకు ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నేరం జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం పోక్సో కింద శిక్షార్హం, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. బడి పరువు పోతుందని విషయాన్ని స్టాఫ్‌రూమ్‌లోనే పూడ్చిపెట్టే ప్రధానోపాధ్యాయులు ఈ సెక్షన్‌ను ఒకసారి చదువుకోవాలి.

భరోసాకు ఉన్న పరిమితి దాని తప్పు కాదు. అది చేపట్టే కేసుల స్వభావం అలాంటిది. హింస జరిగాకే ఆ తలుపు తెరుచుకుంటుంది. మెల్లగా మునిగిపోతున్న పిల్లలకు, అంటే బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరినవాడికి, గంజాయికి అలవాటుపడినవాడికి, ఇంటర్ రెండో ఏడాదిలో మాట్లాడడం మానేసిన అమ్మాయికి, అంత శ్రద్ధగా వెంట నడిచే ఏర్పాటు ఈ నగరంలో నాకు కనిపించలేదు.

మానసిక ఆరోగ్యం విషయంలో మొదటి మెట్టు మాత్రం బాగా మెరుగుపడింది. 2022 అక్టోబర్ 10న దేశవ్యాప్తంగా మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చుండదు. తమ బిడ్డతో ఎలా మాట్లాడాలో తెలియని తల్లిదండ్రులు కూడా చేయవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు; నా ఉద్దేశంలో ఆ నంబరు వల్ల అందరికన్నా ఎక్కువ ప్రయోజనం పొందాల్సినది వాళ్లే. నగరంలో 1997 నుంచి పనిచేస్తున్న రోష్ని సంస్థ వాలంటీర్లు ఇదే పనిని ఇంకా నెమ్మదిగా, ఇంకా ఓపికగా చేస్తారు. వాళ్లు సలహా ఇవ్వరు, వింటారు. ఆత్మహత్య ఆలోచనలో ఉన్న పిల్లవాడికి ఆ క్షణంలో ముందుగా కావాల్సింది వినే చెవి.

ఫోన్ దాటి వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సి వచ్చినప్పుడు హైదరాబాదీలకు ఎర్రగడ్డ అడ్డొస్తుంది. అక్కడి మానసిక ఆరోగ్య సంస్థలో ప్రభుత్వ ఖర్చుతో నిపుణులైన వైద్యులు దొరుకుతారు. కానీ "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అన్న వెక్కిరింత ఈ నగరంలో ఎంతగా పాతుకుపోయిందంటే, చీటీ మీద ఆ పేరు చూడగానే తల్లిదండ్రులు మడిచి జేబులో పెట్టుకుని, పక్క వీధి బాబా దగ్గరికి వెళ్తారు. అలాంటప్పుడు ఉస్మానియా, గాంధీ వంటి పెద్దాసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగానికి వెళ్లమని నేను చెబుతుంటాను. వైద్యం అదే, బయట వేలాడే పేరు మాత్రం బెదిరించదు.

ఇంటర్ విద్యార్థుల గురించి ప్రత్యేకంగా చెప్పక తప్పదు. ఫలితాలు వచ్చే వారం ఈ నగరంలో ఎన్ని ఇళ్లు గుండె చిక్కబట్టుకుని కూర్చుంటాయో అందరికీ తెలుసు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వంద మంది లేదా అంతకుమించి విద్యార్థులున్న సంస్థలన్నీ కనీసం ఒక అర్హత కలిగిన కౌన్సెలర్‌నో మనస్తత్వ నిపుణుణ్ణో నియమించుకోవాలి. పిల్లను జూనియర్ కాలేజీ హాస్టల్‌లో చేర్చేటప్పుడు ర్యాంకుల బ్యానర్లు చూసినంత జాగ్రత్తగా ఈ ప్రశ్న అడగండి: కౌన్సెలర్ పేరేమిటి, ఏ రోజుల్లో ఉంటారు, పిల్ల వార్డెన్ అనుమతి లేకుండా ఆయన్ని కలవగలదా? ఒక పేరున్న కాలేజీలో నాకు వచ్చిన జవాబు, "మా ఫిజిక్స్ సారే చూసుకుంటారండీ" అని. మిగతా ప్రశ్నలు అడిగే అవసరం లేకపోయింది.

మత్తుపదార్థాల విషయంలో 14446 జాతీయ నంబరు సలహాకు, 1908 రాష్ట్ర నంబరు సమాచారం అందించడానికి ఉన్నాయి. చిక్కంతా ఆ తర్వాత దొరికే ప్రైవేటు డీ అడిక్షన్ కేంద్రాలతోనే. శివార్లలోని ఒక కేంద్రంలో పదహారేళ్ల కుర్రవాణ్ణి పెద్దవాళ్ల మధ్యే ఉంచి, నెలరోజులు తల్లిదండ్రులను కలవనివ్వలేదు. తాళం వేయడాన్నే వాళ్లు చికిత్స అనుకుంటున్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీనికి పూర్తి విరుద్ధంగా చెబుతోంది. పద్దెనిమిదేళ్లలోపు వారిని పెద్దలతో కలపకుండా వేరుగా ఉంచాలి, తల్లిదండ్రులు లేదా వారు నియమించిన సహాయకులు చేరిక కాలమంతా వెంట ఉండాలి, నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, చేర్చుకున్న సంగతిని 72 గంటల్లోగా సంబంధిత మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. "మీరు ఇంటికి వెళ్లండి, మేం చూసుకుంటాం" అని మొదటి రోజే చెప్పే కేంద్రం నుంచి పిల్లవాణ్ణి వెనక్కి తెచ్చుకోవడం మేలు.

మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కుటుంబాలు ఒక విషయంలో అదృష్టవంతులు. దేశంలోని ఇతర రాష్ట్రాల నుంచి జనం రైలెక్కి వచ్చే సంస్థ వాళ్లకు సిటీ బస్సు దూరంలో ఉంది. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థను పాత తరం ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే పిలుస్తుంది. ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ. పిల్లల ఎదుగుదలను అంచనా వేయడం, చిన్న వయసులోనే శిక్షణ మొదలుపెట్టడం ఇక్కడి ప్రధాన సేవలు. తల్లికి ఇంట్లో చేయాల్సిన పనిని నేర్పిస్తారు. నాకు నచ్చినది ఆ భాగమే, ఎందుకంటే వారానికి ఒక గంట చికిత్స కన్నా మిగతా గంటలే బిడ్డను మారుస్తాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి లక్ష రూపాయల వరకు వర్తింపు ఉంటుంది. తెలంగాణ ఆసరా కింద వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలకు 2023లో పెరిగింది. తల్లిదండ్రులు తరచూ మరిచేది సంరక్షకత్వం. పద్దెనిమిది నిండాక చట్టం దృష్టిలో ఆ బిడ్డ పెద్దవాడు. బ్యాంకు ఖాతాకూ ఆస్తి వ్యవహారాలకూ తల్లిదండ్రులైనా సరే, కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ ద్వారా సంరక్షకులుగా నియామకం పొందాలి.

డబ్బు సాయం విషయానికి వస్తే, మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ నెలకు 4,000 రూపాయలు. తండ్రి లేని, లేదా తల్లిదండ్రులు తీవ్ర అనారోగ్యంతో ఉన్న పిల్లలు హోమ్‌కు వెళ్లకుండా సొంత ఇంట్లోనే పెరగడానికి ఇచ్చే మొత్తమిది. ఉద్దేశంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పట్టణాల్లో కుటుంబ వార్షికాదాయం 96,000 రూపాయలకు మించకూడదన్న నిబంధన మాత్రం హైదరాబాద్‌కు అతకదు. నెలకు ఎనిమిది వేలు అన్నమాట. నాలుగిళ్లలో పాచిపని చేసే ఒంటరి తల్లి సంపాదన కూడా ఆ గీత దాటిపోతుంది, అందులో సగం ఒక్క గది అద్దెకే సరిపోతుంది. హోమ్‌లలో పెరిగినవారికి పద్దెనిమిది తర్వాత ఇరవై ఒకటి వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై మూడు వరకు అనంతర సంరక్షణ సాయం ఉంది. యూసుఫ్‌గూడలోనో సైదాబాద్‌లోనో ప్రభుత్వ హోమ్‌లో ఏళ్లు గడిపి బయటకు వచ్చే యువతకు ఆ సాయం గురించి పదిహేడో ఏటనే చెప్పి దరఖాస్తు చేయించాలి, గేటు దాటే రోజున కాదు.

చట్టంతో ఘర్షణ పడిన పిల్లల సంగతి క్లుప్తంగా చెబుతాను. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో కొడుకు దొరికాడని తెలియగానే తల్లిదండ్రులు అప్పు చేసి లాయర్ దగ్గరికి పరిగెడతారు. పిల్లల మీద వచ్చే నేర కేసులను విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు బెయిలే నియమం, నిరాకరణ మినహాయింపు; పూచీకత్తు లేకుండా కూడా ఇవ్వవచ్చు. పెద్దవాళ్లతో సమానంగా విచారించిన కేసులు మినహా, బాల్యంలో చేసిన నేరం వల్ల తర్వాత ఏ అనర్హతా అంటదని చట్టం స్పష్టంగా చెబుతోంది. బడిలో మళ్లీ చేర్చుకోనంటున్న ప్రధానోపాధ్యాయులకు ఆ సెక్షన్ చూపించాలి.

ఇక ఈ సేవలను వాడుకోబోయేవారికి కొన్ని మాటలు. ఏ కార్యాలయానికి వెళ్లినా మాట్లాడిన అధికారి పేరు, తేదీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. తర్వాతి కౌంటర్ దగ్గర కథంతా మొదటినుంచి చెప్పే బాధ కొంత తగ్గుతుంది. సమితి ఇచ్చిన ప్రతి ఉత్తర్వు నకలు అడిగి తీసుకోండి. పోక్సో కేసయితే సహాయక వ్యక్తిని నియమించమని మొదటి రోజే రాతపూర్వకంగా కోరండి. ఒంటరిగా వెళ్లకండి, బడి టీచర్‌నో, అంగన్‌వాడీ టీచర్‌నో, బస్తీలో చదువుకున్న అమ్మాయినో వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే వ్యవస్థ ఇవ్వని తోడును ప్రస్తుతానికి మనమే సమకూర్చుకోవాలి. లాయర్‌కు డబ్బు లేదని వెనకాడవద్దు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.